గామా అల్యూమినా మీద ప్లాటినం నానోకణాలు: బీకర్ నుంచి మైక్రోస్కోప్ దాకా

ప్లాటినం ఒక ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగం చేసే పదార్థం. ఆ చర్య జరిగేది లోహం పైపొర మీద. ప్లాటినాన్ని ముద్దగా వాడితే లోపల ఇరుక్కున్న పరమాణువులన్నీ దండగ. గ్రాముల లెక్కన కొనే లోహాన్ని అలా వృథా చేయలేం కాబట్టి, సన్న రంధ్రాలున్న గట్టి పొడి (దీన్నే ఆధారం అంటారు) మీద ఒకటి నుంచి ఐదు నానోమీటర్ల కణాలుగా పరిచి వాడతారు. వ్లాదిమిర్ హెన్సెల్ రూపొందించగా యూఓపీ కంపెనీ 1949లో మొదలుపెట్టిన ప్లాట్‌ఫార్మింగ్ ప్రక్రియలో ఉన్నది అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మీద ప్లాటినమే. నాఫ్తాను ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలుగా మార్చే రిఫైనరీ యూనిట్లు ఇప్పటికీ దాదాపు అదే సూత్రం మీద నడుస్తున్నాయి.

ఇక్కడ ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుందాం: గామా అల్యూమినా మీద 1 శాతం ప్లాటినం, మొత్తం 10 గ్రాములు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లకూ, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లకూ ఇదే మంచి మొదలు. మిగతా లోహాలకు ఏం మారుతుందో చివర్లో చెప్తాను.

లవణంలోని ప్లాటినాన్ని లోహంగా మార్చడానికి చివర్లో హైడ్రోజన్ సిలిండర్ తిప్పే రోజున అందరికీ టెన్షన్. కణం సైజు అక్కడే తేలుతుందని నమ్మకం. నా లెక్కలో అప్పటికే సగానికి పైగా ఆట అయిపోయి ఉంటుంది. ద్రావణంతో పొడిని ఎలా తడిపారు, ఎలా ఆరబెట్టారు అన్నదాని మీదే కణం ఎంత పెరగాలో చాలావరకు నిర్ణయమైపోతుంది. ఫర్నేస్‌లో దాన్ని చెడగొట్టడం తేలిక, బాగుచేయడం కష్టం.

ముందు ఒక లెక్క

గ్రాముకు 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్న అల్యూమినా తీసుకున్నాం అనుకోండి. 1 శాతం అంటే ఒక గ్రాము ఉత్ప్రేరకంలో 10 మిల్లీగ్రాముల ప్లాటినం, అంటే సుమారు 3 × 10¹⁹ పరమాణువులు. వాటిని ఆ ఉపరితలం అంతా సమానంగా పరిస్తే ఒక్కో పరమాణువు వాటాకు ఆరున్నర చదరపు నానోమీటర్లు వస్తాయి. పక్క పరమాణువు రెండున్నర నానోమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే మొదట్లో ఎవరికి వారే విడిగా ఉన్నారు.

ఇప్పుడు చివరికి వద్దాం. 2 నానోమీటర్ల ప్లాటినం కణంలో సుమారు 280 పరమాణువులు పడతాయి. అన్ని కణాలూ ఇదే సైజులో తయారైతే ఒక్కో కణానికి 1,800 చదరపు నానోమీటర్ల జాగా దక్కుతుంది, కణానికీ కణానికీ మధ్య దూరం 42 నానోమీటర్ల దాకా ఉంటుంది. కణం తన వెడల్పుకు ఇరవై రెట్ల వెడల్పున్న జాగా నుంచి పరమాణువులను పోగేసుకుందన్నమాట.

ఈ పోగేసుకునే జాగా ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. ఆ జాగా నాలుగింతలైతే పరమాణువులు నాలుగింతలవుతాయి, కణం వెడల్పు 2 నుంచి 3.2 నానోమీటర్లకు పెరుగుతుంది. ఇక మనం చేసే ప్రతి పనికీ ఒకటే ఉద్దేశం: ప్లాటినం పరమాణువు తానున్న చోటు నుంచి ఎక్కువ దూరం పోకుండా చూడటం.

మొదటి మెట్టు: పొడిని తెలుసుకోండి

డబ్బా మీద రాసిన అంకెలను నమ్మి మొదలుపెట్టకండి. మూడు విషయాలు స్వయంగా చూసుకోవాలి.

ఒకటి, తేమ. అల్యూమినా గాలిలోని నీటిని బాగా పీలుస్తుంది. 500 డిగ్రీల సెల్సియస్ వద్ద నాలుగు గంటలు వేడి చేసి, డెసికేటర్‌లో (తేమ చేరని మూతపాత్రలో) చల్లార్చి, ఆ తర్వాతే తూకం వేయాలి. తడి పొడిని తూస్తే శాతం లెక్క మొదటి రోజే తప్పుతుంది.

రెండు, రంధ్రాల ఘనపరిమాణం. పొడిచేసిన అల్యూమినా ఒక గ్రాము తీసుకుని, మైక్రోపిపెట్‌తో నీళ్లు చుక్కచుక్కగా వేస్తూ గాజు కడ్డీతో కలపండి. చాలాసేపు పొడి పొడిగానే ఉంటుంది. ఒక దశలో ఉన్నట్టుండి ఉండలు కట్టి, బీకర్ గోడకు అంటుకోవడం మొదలవుతుంది. రంధ్రాలు నిండిపోయాయి, ఇక వేసే నీరు గింజల బయట నిలుస్తుందని దాని అర్థం. గ్రాముకు 0.62 మి.లీ. దగ్గర ఇది వచ్చిందనుకుందాం. మన 9.9 గ్రాముల అల్యూమినాకు 6.1 మి.లీ. ద్రావణం కావాలి.

మూడు, ఉపరితలం మీది విద్యుదావేశం. దీన్ని చాలామంది దాటేస్తారు, కానీ కథంతా ఇక్కడే ఉంది. ఆక్సైడ్ ఉపరితలం నిండా హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. ద్రావణం ఆమ్లంగా ఉంటే అవి ప్రోటాన్‌ను తీసుకుని ధనావేశం పొందుతాయి, క్షారంగా ఉంటే ప్రోటాన్‌ను వదిలి రుణావేశం పొందుతాయి. రెండూ సరిసమానమయ్యే పీహెచ్‌ను ల్యాబుల్లో పీజెడ్‌సీ అంటారు. గామా అల్యూమినాకు ఇది 8 చుట్టుపక్కల ఉంటుంది, టైటానియాకు 6 దగ్గర, సిలికాకు 4 లేదా ఇంకా తక్కువ. పీజెడ్‌సీని కొలవడం తేలిక. కొంచెం నీటిలో పొడిని బాగా ఎక్కువగా కలిపి చిక్కటి జావ చేసి, పీహెచ్ మీటర్ పెట్టండి. పొడి ఇంకా కలిపినా అంకె మారకపోతే అదే సుమారుగా పీజెడ్‌సీ.

రెండో మెట్టు: లవణం ఎంపిక

మనం వాడే ప్లాటినం లవణం క్లోరోప్లాటినిక్ యాసిడ్. దాన్ని నీటిలో కరిగిస్తే ప్లాటినం రుణావేశమున్న క్లోరైడ్ అయాన్ రూపంలో ఉంటుంది. ఆమ్ల ద్రావణంలో అల్యూమినాకు ధనావేశం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, జోడీ కుదిరింది. ఇదే యాసిడ్‌ను సిలికా మీద వేస్తే అంటుకోవడానికి కారణమే లేదు. నీరు ఆరేకొద్దీ ప్లాటినం నీటితోపాటు కొట్టుకుపోయి ఒకచోట గడ్డకడుతుంది. సిలికా మీద ప్లాటినం కావాలంటే ధనావేశమున్న టెట్రామిన్ ప్లాటినం నైట్రేట్‌ను పీహెచ్ 10 దాటించి వాడాలి. ఎవరో ఒక పేపర్లో రాశారని లవణాన్ని మార్చకుండా ఆధారాన్ని మాత్రం మార్చేసి, పెద్ద కణాలు వచ్చాయని ఫర్నేస్‌ను తిట్టుకోవడం మన ల్యాబుల్లో తరచూ కనిపించే దృశ్యం.

లెక్క: 10 గ్రాములకు 0.100 గ్రాముల ప్లాటినం కావాలి. సీసా సర్టిఫికెట్‌లో ప్లాటినం 37.5 శాతం అని ఉంటే 0.267 గ్రాముల లవణం తూయాలి. ఇది తేమను లాక్కుని చెమ్మగా అయిపోతుంది కాబట్టి త్వరగా తూచి మూత పెట్టేయాలి. స్టీల్ గరిటె వాడకండి. స్టీల్‌లోని ఇనుము కరిగి ప్లాటినం దాని మీద నల్లగా పేరుకుంటుంది. ప్లాస్టిక్‌ది గానీ గాజుది గానీ వాడండి. గ్లవ్స్, ఫ్యూమ్‌హుడ్ తప్పనిసరి. క్లోరోప్లాటినేట్ ధూళి ఊపిరితిత్తులకు అలర్జీ తెచ్చి ఉబ్బసానికి దారితీస్తుంది, ఒకసారి అలర్జీ మొదలైతే ఆ తర్వాత అతి తక్కువ మోతాదు కూడా పడదు.

మూడో మెట్టు: తడపడం

రెండు దారులున్నాయి.

అందరూ చేసేది ఇన్సిపియెంట్ వెట్‌నెస్ పద్ధతి. తూచిన లవణాన్ని నీటిలో కరిగించి సరిగ్గా 6.1 మి.లీ. చేయాలి. నారింజ రంగులోని ఆ ద్రావణాన్ని నాలుగైదు భాగాలుగా, చుక్కచుక్కగా వేస్తూ పొడిని ఆపకుండా కలపాలి. ఒక్కసారే పోసేస్తే మొదట తడిసిన గింజలు ప్లాటినం అంతా మింగేస్తాయి, మిగతావి తెల్లగా మిగిలిపోతాయి. పని సరిగ్గా జరిగితే పొడి అంతటా ఒకే లేత పసుపు కనిపిస్తుంది. మూతపెట్టి రెండు గంటలు వదిలేయండి, అయాన్లు రంధ్రాల లోపలికి పోవడానికి టైమ్ కావాలి.

ఈ పద్ధతికి ఒక లొసుగు ఉంది. 6 మి.లీ. నీటిలో దాదాపు 2,000 చదరపు మీటర్ల ఉపరితలం! అంత ఉపరితలం మీద ఉన్న హైడ్రాక్సిల్‌లు ద్రావణంలోని ప్రోటాన్లను పీల్చేసి, పీహెచ్‌ను తమ పీజెడ్‌సీ వైపు లాగేస్తాయి. మీరు పీహెచ్ 2 తో మొదలుపెట్టినా లోపల అది నిలవదు. అంటే ఆవేశం తగ్గి, ఆకర్షణ కూడా బలహీనపడుతుంది.

రెండో దారి స్ట్రాంగ్ ఎలక్ట్రోస్టాటిక్ అడ్సార్ప్షన్, అంటే ఆవేశాల ఆకర్షణతోనే ప్లాటినాన్ని ఉపరితలానికి అంటించడం. అమెరికాలో రెగల్‌బుటో బృందం దీన్ని ఒక పద్ధతిగా స్థిరపరిచింది. ఇందులో నీరు ఎక్కువ తీసుకుంటారు. మన 9.9 గ్రాములకు రెండు లీటర్లు పోసి, చర్య ముగిసేసరికి పీహెచ్ 3 నుంచి 4 మధ్య ఉండేలా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో సరిచేసి, గంటసేపు కలియబెట్టి, వడకట్టాలి. చూడాల్సింది మొదటి పీహెచ్ కాదు, చివరి పీహెచ్. మరీ కిందికి దిగితే అల్యూమినాయే కరగడం మొదలవుతుంది. పని అయ్యిందా లేదా అన్నది వడపోసిన నీటిలో ప్లాటినం ఎంత మిగిలిందో ఐసీపీలో (ద్రావణంలో లోహం ఎంతుందో కొలిచే పరికరంలో) చూస్తే తెలుస్తుంది. ఉపరితలం పట్టుకోగల గరిష్ఠం చదరపు మీటరుకు 1.6 మైక్రోమోల్స్ దాకా ఉంటుంది, మనం వేస్తున్నది 0.26 మాత్రమే. జాగాకు కొదవ లేదు.

ఏది మంచిది? ఒకే సైజు కణాలు కావాలంటే, పరిశోధన కోసం అయితే, రెండోదే. లోహం శాతం ఎక్కువ కావాలంటే, నీరు వడకట్టే సదుపాయం లేకపోతే మొదటిది. 1 శాతం ప్లాటినం, సన్నటి అల్యూమినా పొడి అయితే మొదటిది కూడా చక్కగానే నడుస్తుంది.

నాలుగో మెట్టు: ఆరబెట్టడం

గచ్చు మీద ఒలికిన కాఫీ ఆరితే అంచు చుట్టూ ముదురు వలయం మిగులుతుంది కదా, గింజ లోపల జరిగేదీ అదే. నీరు బయటి అంచు దగ్గర ఆవిరవుతూ ఉంటే, లోపలి ద్రావణం రంధ్రాల గుండా అంచుకు పాకుతుంది. ఉపరితలానికి గట్టిగా అంటుకోని ప్లాటినం దానితోపాటే వెళ్లి అంచున పేరుకుంటుంది. పోగేసుకునే జాగా అక్కడే పెరిగిపోయింది.

కాబట్టి పొడిని పళ్లెంలో పలచగా పరచండి. గది ఉష్ణోగ్రతలో రాత్రంతా వదిలి, తర్వాత నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 110 డిగ్రీలకు తీసుకెళ్లి 12 గంటలు ఉంచండి. తొందరపడి వేడి ఓవెన్‌లోకి తోయకండి. ఎలక్ట్రోస్టాటిక్ పద్ధతిలో తయారుచేసిన పొడికి ఈ బెడద తక్కువ, ఎందుకంటే నీటిలో తేలే ప్లాటినం అప్పటికే వడపోతలో పోయింది.

మిల్లీమీటర్ల సైజు గుళికలు చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. క్లోరోప్లాటినిక్ యాసిడ్ అల్యూమినాకు ఎంత గట్టిగా అంటుకుంటుందంటే, గుళిక లోపలికి పోకముందే పైపెంకులోనే ఆగిపోతుంది. వేగంగా జరిగే చర్యలకు అదే మంచిది. లోపలి దాకా సమానంగా కావాలంటే ద్రావణంలో కొంచెం సిట్రిక్ యాసిడ్ కలుపుతారు. అది బయటి జాగాల కోసం పోటీపడి ప్లాటినాన్ని లోపలికి నెడుతుంది.

ఐదో మెట్టు: గాలిలో కాల్చడం

క్యాల్సినేషన్‌కు (ఇలా కాల్చడానికి) మూసిన పెట్టె లాంటి మఫిల్ ఫర్నేస్ కంటే, గాలి పారే గొట్టపు ఫర్నేస్ చాలా మేలు. మఫిల్‌లో విడుదలైన నీటి ఆవిరి, హైడ్రోజన్ క్లోరైడ్ పొడి చుట్టే తిరుగుతూ, కొత్తగా పుట్టిన ఆక్సైడ్‌ను కదిలించి గుంపు కట్టిస్తాయి. ఒక గ్రాముకు నిమిషానికి 100 మి.లీ. పొడి గాలి, నిమిషానికి 2 డిగ్రీలు, 400 దాకా, అక్కడ రెండు మూడు గంటలు. చాలు.

ఈ దశలో ప్లాటినం అయాన్ తన క్లోరైడ్‌లను కొన్ని వదిలి, ఉపరితలంలోని ఆక్సిజన్‌తో బంధం కడుతుంది. గామా అల్యూమినాలో ఐదు ఆక్సిజన్ల మధ్య మాత్రమే ఉన్న, ఇంకో బంధానికి ఖాళీ ఉన్న అల్యూమినియం అయాన్లు కొన్ని ఉంటాయి. ప్లాటినం లంగరు వేసేది వాటి దగ్గరేనని 2009లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల బృందం చూపించింది.

ఉష్ణోగ్రత 550, 600 దాటించాలన్న ఉబలాటం మానుకోండి. ఆక్సిజన్ ఉన్నప్పుడు ప్లాటినం ఆక్సైడ్‌గా కొంచెం ఆవిరవుతుంది. చిన్న కణం నుంచి బయలుదేరిన ఆ ఆవిరి పెద్ద కణం మీద చేరి స్థిరపడుతుంది. చిన్నవి కరిగి పెద్దవి పెరిగే ఈ తంతునే ఆస్ట్వాల్డ్ రైపెనింగ్ అంటారు.

ఆరో మెట్టు: హైడ్రోజన్

కణం పుట్టేది ఇక్కడ. ముందు నైట్రోజన్‌తో అరగంట కడిగి, గాలి పూర్తిగా పోయిందని నిర్ధారించుకోవాలి. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. శుద్ధ హైడ్రోజన్ బదులు, నైట్రోజన్‌లో 5 శాతం హైడ్రోజన్ ఉన్న మిశ్రమం ఎంతో సురక్షితం, మన పనికి సరిపోతుంది కూడా. లీకేజీని సబ్బునీళ్లతో చూడండి, బయటికొచ్చే గ్యాస్‌ను హుడ్‌లోకి వదలండి. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 350 దాకా, అక్కడ రెండు గంటలు. అదే వేడిలో హైడ్రోజన్ ఆపి, అరగంట నైట్రోజన్ పారించి, ఆ తర్వాత చల్లార్చాలి. హైడ్రోజన్‌ను అంటిపెట్టుకున్న ప్లాటినానికి ఒక్కసారిగా గాలి తగిలితే పొడి వేడెక్కుతుంది, పడ్డ కష్టం అంతా పోతుంది.

లోపల ఏం జరిగిందో చూద్దాం. ప్లాటినం అయాన్ ఎలక్ట్రాన్లు తీసుకుని లోహ పరమాణువు అయ్యింది. ఆక్సైడ్‌తో దాని పట్టు సడలింది, తోటి ప్లాటినంతో కట్టే బంధం అంతకంటే బలమైనది. కాబట్టి కదులుతుంది. రెండు, మూడు, నాలుగు కలిసిన గుంపులు పుడుతూ విడిపోతూ ఉంటాయి. చిన్న గుంపులో ఎక్కువమంది అంచున ఉంటారు, అంచున ఉన్నవాళ్లకు బంధాలు తక్కువ, అందుకే అది నిలవదు. ఒక హద్దు దాటిన గుంపు మాత్రం పెరిగేకొద్దీ స్థిరపడుతుంది. ఉపరితలం మీద లోపమున్న చోట ఆ హద్దు దిగివస్తుంది. ఎన్ని చోట్ల ఇలా కేంద్రకాలు పుడితే అన్ని కణాలు. కేంద్రకాలు ఎక్కువైతే ఒక్కోదానికి దొరికే పరమాణువులు తక్కువ, కణం చిన్నది.

ఆపైన సింటరింగ్ భయం, అంటే వేడికి కణాలు కదిలి ఒకదాంతో ఒకటి కలిసి పెద్దవైపోవడం. లోహాల కదలికను అంచనా వేయడానికి టమ్మన్ ఉష్ణోగ్రత అనే మోటు కొలత ఉంది: కెల్విన్‌లో ద్రవీభవన స్థానంలో సగం. ప్లాటినానికి అది దాదాపు 750 డిగ్రీల సెల్సియస్, రాగికి 405, బంగారానికి 395. నానోకణాలు అంతకు ముందే కదలొచ్చు, క్లోరైడ్ తోడైతే ఇంకా ముందే. అయినా రాగి ఉత్ప్రేరకాలు వేడికి ఎందుకంత త్వరగా చచ్చిపోతాయో ఈ మూడు అంకెలు చూస్తే అర్థమవుతుంది.

బయటికి తీసిన పొడి అంతటా ఒకే బూడిద రంగులో ఉండాలి. మెరిసే నల్ల చుక్కలు కనిపిస్తే మైక్రోస్కోప్ దాకా వెళ్లనక్కర్లేదు.

ఏడో మెట్టు: నిజం తేల్చడం

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాలను గుర్తించే పరీక్షలో) ప్లాటినం ముఖ్య శిఖరం 39.8 డిగ్రీల కోణం దగ్గర వస్తుంది. చిక్కేమిటంటే గామా అల్యూమినాకు కూడా 39.5 దగ్గర ఒక వెడల్పాటి శిఖరం ఉంది. అదీగాక 2 నానోమీటర్ల కణాలు 1 శాతమే ఉంటే శిఖరం దాదాపు కనిపించదు. ఏమీ కనబడకపోవడమే ఇక్కడ శుభవార్త. పదునైన శిఖరం వచ్చిందంటే పెద్ద కణాలున్నట్టు.

కార్బన్ మోనాక్సైడ్ కెమిసార్ప్షన్ (లోహం పైపొర ఎంత గ్యాస్‌ను పట్టుకుంటుందో కొలవడం) నాకు అన్నిటికంటే నమ్మకమైనది. పైనున్న ఒక్కో ప్లాటినం పరమాణువుకు ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు అంటుకుంటుందనుకుంటే, 0.25 గ్రాముల ఉత్ప్రేరకంలోని 12.8 మైక్రోమోల్స్ ప్లాటినం మొత్తం పైకే ఉన్నప్పుడు 0.287 మి.లీ. గ్యాస్ పట్టాలి. కొలిస్తే 0.15 వచ్చిందనుకోండి, 52 శాతం పైకి ఉంది. ప్లాటినానికి 1.1ను ఈ భిన్నంతో భాగిస్తే సైజు నానోమీటర్లలో వస్తుంది: 2.1.

టెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) కనీసం 200 కణాలు, గ్రిడ్‌లో వేర్వేరు చోట్ల కొలవండి. అందంగా వచ్చిన ఒక్క ఫొటో చూసి సైజు రాసేయకండి.

మూడూ కలవకపోతే? ఎక్స్‌ఆర్‌డీ 15 అంటుంది, టెమ్ 2 అంటుంది. రెండూ నిజమే కావచ్చు. ఒక్క 20 నానోమీటర్ల కణంలో ఉన్న లోహం వెయ్యి 2 నానోమీటర్ల కణాల్లో ఉన్నంత. టెమ్‌లో లెక్కపెడితే చిన్నవే గెలుస్తాయి, ఎక్స్‌ఆర్‌డీలో బరువున్నదే గెలుస్తుంది. అప్పుడు తడిపిన, ఆరబెట్టిన మెట్లకు తిరిగి వెళ్లాలి. టెమ్ 2 చెప్పి, కెమిసార్ప్షన్ 10 చెబితే మాత్రం కణం ముఖం దేనితోనో కప్పి ఉంది: క్లోరైడ్ లేదా కార్బన్. ఆధారం టైటానియా అయితే ఇంకో అనుమానం. 500 డిగ్రీల వద్ద హైడ్రోజన్ ఇస్తే కణాలు పెరగకపోయినా గ్యాస్‌ను పట్టడం మానేస్తాయని 1978లో ఎక్సాన్ కంపెనీలో టాస్టర్ బృందం చూపింది. టైటానియా పలచటి పొరగా లోహం మీదికి పాకడం దానికి కారణమని తర్వాత తేలింది.

లోహం మారితే

బంగారాన్ని ఇలా తడిపి ఆరబెడితే పెద్ద కణాలే వస్తాయి, క్లోరైడ్ వాటిని కదిలిస్తుంది. 1980లలో జపాన్‌లో హరుతా చూపిన దారి వేరు: పీహెచ్‌ను 8 చుట్టూ పెట్టి బంగారు హైడ్రాక్సైడ్‌ను ఆధారం మీద అవక్షేపించి, కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే క్లోరైడ్ వల్ల వచ్చే తెల్లదనం ఇక రాకుండా పోయేవరకు కడిగి, 300 దగ్గర కాల్చడం. పీహెచ్ సరిచేయడానికి అమ్మోనియా మాత్రం ఎప్పుడూ వద్దు. బంగారంతో అది పేలుడు పదార్థం చేస్తుంది.

నికెల్ నైట్రేట్‌ను నిలవ గాలిలో కాలిస్తే కణాలు ముద్దవుతాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ బృందం గాలి బదులు హీలియంలో కొద్దిగా నైట్రిక్ ఆక్సైడ్ కలిపి వాడి సన్నటి కణాలు తెచ్చింది. అల్యూమినా మీద నికెల్‌ను మరీ వేడిగా కాలిస్తే నీలిరంగు అల్యూమినేట్ అవుతుంది, దాన్ని హైడ్రోజన్‌తో లోహంగా మార్చడం చాలా కష్టం. మార్చిన నికెల్‌ను ఒక శాతం ఆక్సిజన్‌తో నెమ్మదిగా గాలికి అలవాటు చేశాకే బయటికి తీయాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా యూనిట్లలో పనిచేసేవాళ్లకు బాగా పరిచయమున్నది కార్బన్ మీద పల్లాడియం. హైడ్రోజినేషన్ అయ్యాక వడకట్టిన ఆ నల్ల ముద్ద మెథనాల్ తడితో ఉన్నప్పుడు గాలి తగిలితే తనంతట తానే అంటుకుంటుంది. నైట్రోజన్ కింద వడకట్టి, ఎండనివ్వకుండా నీళ్లతో తడిపి, మూత పెట్టి విడిగా దాచాలి.

మన 10 గ్రాముల ప్లాటినం బ్యాచ్‌లో పెద్ద కణాలు వచ్చాయనుకోండి, పారేయకండి. రిఫార్మింగ్ యూనిట్లలో ఏళ్లుగా చేస్తున్నట్టే, 500 డిగ్రీల దగ్గర క్లోరిన్ కలిపిన గాలి పారిస్తే ప్లాటినం మళ్లీ ఆక్సీక్లోరైడ్‌గా మారి అల్యూమినా మీద పరుచుకుంటుంది. క్లోరిన్‌కు తగిన స్క్రబ్బర్ (బయటికొచ్చే గ్యాస్‌ను శుభ్రం చేసే పరికరం), తుప్పు పట్టని గొట్టాలు లేని ల్యాబ్‌లో మాత్రం ఆ పని తలపెట్టకూడదు. అలాంటప్పుడు పొడిని, వడపోసిన నీటిని, కడిగిన నీటిని లేబుల్ వేసి డబ్బాల్లో దాచండి, ప్లాటినం రికవరీ చేసేవాళ్లు తీసుకుంటారు.